ల్యాంబ్ కన్నా డ్యూక్ మేలు

జెనెసిస్ అనే ఇంగ్లిష్ రాక్ బృందానికి అభిమానులు ఇద్దరు ఒకచోట కూర్చుంటే టీ చల్లారేలోపు మాట 1975 దగ్గరికి వచ్చేస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో గాయకుడు పీటర్ గేబ్రియల్ బృందం నుంచి తప్పుకున్నట్టు బయటికి తెలిసింది. అభిమానులు సరిగ్గా అక్కడ ఒక గీత గీస్తారు. గీతకి ముందువి అసలు సరుకు. తర్వాతివన్నీ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ మైకు అందుకుని బృందాన్ని మెల్లమెల్లగా రేడియో పాటల వైపు తోలుకుపోయిన కథ. మొత్తం పదిహేను స్టూడియో ఆల్బమ్‌లలో ఏది గొప్పదని అడిగితే ఈ లెక్క ప్రకారం జవాబులు మూడే. 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’, 1973 నాటి ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’, 1974 నాటి ‘ద ల్యాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’. ఈ మూడింట్లో దేనికి ఓటేసినా మర్యాదకి లోటుండదు. నాలుగో పేరు చెప్పారంటే మీ అభిరుచి మీద అనుమానం మొదలవుతుంది.

నేను నాలుగో పేరు చెప్పే రకం. 1980లో వచ్చిన ‘డ్యూక్’, ల్యాంబ్ కన్నా మంచి ఆల్బమ్ అన్నది నా వాదన. ల్యాంబ్‌ని తలకెత్తుకునే స్నేహితుడొకడు ఈ మాట విని, “ఒరేయ్, నువ్వు హాస్టల్లో ఫిల్ కాలిన్స్ కేసెట్లు విని చెడిపోయావురా” అన్నాడు. విన్న మాట నిజమే. తొంభైల మొదట్లో మాకు దొరికినవి అవే. కేబుల్ టీవీలో ‘ఐ కాంట్ డాన్స్’ వీడియో వస్తే గది గదంతా ఆ వంకర నడక నడిచేవాళ్ళం. పాత ఆల్బమ్‌లు మా దాకా వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. కాబట్టి ఆ 1975 గీత నాకు ఎవరో ముందే గీసి చేతికిచ్చినది. అది ఎందుకు సరైన చోట లేదో చెప్పడానికే ఇదంతా.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా నాలుగు మాటలు. ఇంగ్లండ్‌లోని సర్రేలో చార్టర్‌హౌస్ అనే ఖరీదైన బోర్డింగ్ స్కూలు ఉంది. 1967లో అక్కడ చదువుకునే కుర్రాళ్ళు కలిసి పెట్టుకున్న బృందం ఇది. గేబ్రియల్, కీబోర్డ్ వాయించే టోనీ బ్యాంక్స్, గిటారిస్టు ఆంథొనీ ఫిలిప్స్, బేస్, గిటార్ రెండూ చూసుకునే మైక్ రూథర్‌ఫోర్డ్. వేదికలెక్కి పాడాలన్న ఆశ కన్నా పాటలు రాసి వేరేవాళ్ళకి అమ్ముకోవాలన్న ఆశే వీళ్ళకి ముందు ఉండేది. 1969లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కి ‘ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్’ అన్న బైబిల్ పేరు, నల్లటి అట్ట చూసి కొన్ని షాపులవాళ్ళు దాన్ని భక్తి గీతాల అరలో పెట్టారట. 1970లో ఫిలిప్స్ వెళ్ళిపోయాడు, డ్రమ్మర్‌గా కాలిన్స్ వచ్చాడు. 1971 మొదట్లో గిటారిస్టు స్టీవ్ హాకెట్ చేరాడు. అభిమానులు దండం పెట్టే అయిదుగురి జట్టు అదే.

వీళ్ళు చేసినదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మూడు నిమిషాల ప్రేమ పాట చాలదనుకుని, పాటని పది, ఇరవై నిమిషాలకి పెంచి, మధ్యలో తాళం మార్చి, పన్నెండు తీగల గిటార్లు, ఆర్గన్, ఫ్లూట్, మెలోట్రాన్ అనే టేపుల కీబోర్డ్ అన్నీ పట్టుకొచ్చిన తరం. కొందరికి అది వట్టి ఆర్భాటం. ఆ కొందరితో నాకు ఇవాళ పేచీ లేదు, ఇంటి గొడవే చాలా ఉంది.

గీత 1975 దగ్గరే ఎందుకు పడింది? కళ్ళ వల్ల అని నా అనుమానం. 1972 సెప్టెంబర్‌లో డబ్లిన్‌లో పాట మధ్యలో గేబ్రియల్ లోపలికి వెళ్ళి, భార్య ఎర్ర గౌను తొడుక్కుని, తలకి నక్క తల పెట్టుకుని బయటికొచ్చాడు. అలా వస్తాడని తోటివాళ్ళకే తెలియదు. ఆ ఫొటో ‘మెలొడీ మేకర్’ పత్రిక మొదటి పేజీకి ఎక్కింది. అక్కణ్నుంచి పువ్వు ముఖం, ముసలాడి ముసుగు, గబ్బిలం రెక్కలు, బ్రిటానియా వేషం వరసగా వచ్చాయి. ఆ వేషాల వెనక హాకెట్ స్టూలు మీద కూర్చుని గిటార్ వంకే చూసుకుంటూ వాయించేవాడు. బ్యాంక్స్ కీబోర్డుల చాటున ఉండేవాడు. వేదిక మీద ఒక్కడే కనపడితే సంగీతం కూడా అతనిదే అనిపిస్తుంది. మనకిది కొత్త కాదు. ‘అది నాగేశ్వరరావు పాట’ అంటాం. పాడింది ఘంటసాల, బాణీ కట్టింది మరొకరు, రాసింది ఇంకొకరు, అయినా పాట మాత్రం తెర మీద పెదవి కదిపిన మనిషిదే అయిపోతుంది.

దీనికి తోడు ఆ అయిదుగురూ ఒక మంచి పని చేశారు, అది అభిమానుల్ని తప్పుదోవ పట్టించింది. ల్యాంబ్ దాకా ఏ పాట ఎవరు కట్టినా అట్ట మీద అందరి పేరూ వేసుకున్నారు. అందువల్ల ఎవరి చెయ్యి ఎక్కడుందో కొన్నవాళ్ళకి తెలియలేదు. గేబ్రియల్ వెళ్ళాక వచ్చిన ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ నుంచి విడివిడిగా పేర్లు వేయడం మొదలైంది. ఆ అట్ట తిప్పి చూస్తే ఎనిమిది పాటలు ఉంటాయి. ఎనిమిదింట్లోనూ బ్యాంక్స్ పేరుంది. ఆ మనిషి అంతకు ముందు అయిదేళ్ళూ చేతులు కట్టుకుని కూర్చున్నాడని ఎలా అనుకుంటాం?

ఫాక్స్‌ట్రాట్ రెండో వైపు దాదాపు మొత్తాన్ని ఆక్రమించే ‘సప్పర్స్ రెడీ’ సంగతి చూద్దాం. 23 నిమిషాలు, ఏడు భాగాలు. గేబ్రియల్ వీరాభిమానిని ఈ బృందం మొత్తానికీ శిఖరం ఏదని అడిగితే దీనికే చెయ్యి ఎత్తుతాడు. ఆరో భాగం పేరు ‘అపోకలిప్స్ ఇన్ 9/8’. తాళం పేరులోనే ఉంది. తొమ్మిది దెబ్బల ఆవర్తం, మన లెక్కలో సంకీర్ణం. అయితే మూడు మూళ్ళుగా నడవదు. మూడు, రెండు, నాలుగుగా విరుగుతుంది. డ్రమ్స్, బేస్, గిటార్ ఆ విరుపుని పట్టుకుని ఇక వదలవు. దాని మీద బ్యాంక్స్ ఆర్గన్ తన లెక్కలో తను పోతుంటుంది. కాసేపు నాలుగులో, కాసేపు ఏడులో. కింద తొమ్మిది మాత్రం సాగుతూనే ఉంటుంది. తొడ మీద తాళం వేసుకుంటూ వినండి. మృదంగం నేర్చుకున్నవాళ్ళు సంతోషిస్తారు. నాలాంటివాళ్ళకి కాసేపటికి చెయ్యి దానంతటదే ఆగిపోతుంది.

ఈ భాగం పుట్టిన పూట గేబ్రియల్ అక్కడ లేడు. బ్యాంక్స్, రూథర్‌ఫోర్డ్, కాలిన్స్ ముగ్గురూ కూర్చుని వాయించుకుంటూ పోతే వచ్చింది. బేస్ మారకుండా రెండు మూడు స్వరాల మీదే నిలబడుతుంది, దాని మీద బ్యాంక్స్ ఇష్టమొచ్చిన కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) వేసుకోవచ్చు, అదీ ఏర్పాటు. తర్వాత గేబ్రియల్ వచ్చి ఆర్గన్ సోలో చివర మాటలు పెట్టి పాడేశాడు. నా సోలో మీద ఇతను పాడటమేమిటని బ్యాంక్స్ మొదట నొచ్చుకున్నాడు. తర్వాత విని, తాము చేసినవాటిల్లో గొప్ప ఘట్టం ఇదేనన్నాడు. ఆ గొంతు వచ్చి పడే చోట నాకూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది, కాదనను. కానీ ఆ మూడు పేర్లూ ఇంకోసారి చూడండి. 1986లో ‘ఇన్విజిబుల్ టచ్’ చేసిన ముగ్గురూ వీళ్ళే. గీతకి అవతలి వైపు దొంగలుగా నిలబెట్టిన ముగ్గురే ఇవతలి వైపు గర్భగుడిలో దేవుణ్ని ప్రతిష్ఠించారు.

ఇదొక్కటే అయితే ఏదో ఒకరోజు కుదిరిందిలే అనుకోవచ్చు. సెల్లింగ్ ఇంగ్లండ్‌లో ‘ద సినిమా షో’ ఉంది. పదకొండు నిమిషాల పాటలో మొదటి సగం పన్నెండు తీగల గిటార్లు, గొంతులు కలిసి హాయిగా సాగుతుంది. తర్వాత ఏడు దెబ్బల తాళంలోకి, మిశ్రంలోకి మారి నాలుగు నిమిషాలకి పైగా సింథసైజర్ ఎగిరిపోతుంది. గేబ్రియల్‌కి, హాకెట్‌కి అక్కడ పెద్దగా పనిలేదు. మళ్ళీ ఆ ముగ్గురే. 1973లోనే ముగ్గురి జెనెసిస్ అయిదుగురి జెనెసిస్ లోపల ఉంది.

ఇక ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’. దీని గురించి రాయకుండా ఈ బృందం గురించి ఎవరూ రాయలేరు, నేనూ అంతే. మొదట ఒంటరి పియానో, ఒక నిమిషం పైచిలుకు. ప్రతి వరసకీ దెబ్బల లెక్క మారుతుంటుంది, అయినా ఎక్కడా కుదుపు తెలియదు. ఫాక్స్‌ట్రాట్‌కే బ్యాంక్స్ ఇందులో కొన్ని ముక్కలు పట్టుకొస్తే మిగతావాళ్ళకి నచ్చలేదు. ఏడాది తర్వాత మళ్ళీ మలిచి తెచ్చాడు. మధ్యలో గేబ్రియల్ ఫ్లూట్ మీద ఒక చిన్న వరస వాయిస్తాడు. దిగులుగా, తొందర లేకుండా. ఆ తర్వాత మొదటి పియానో ముక్క సింథసైజర్ మీద డ్రమ్స్ తోడుగా తిరిగొస్తుంది. అది ముగిసే చోట హాకెట్ గిటార్ అందుకునేది ఆ ఫ్లూట్ వరసనే. అయితే ఈసారి ఒక్కో స్వరాన్నీ అంతసేపు పట్టి నిలబెడతాడు, కొన్నిచోట్ల ఇది గిటారా, ఎవరైనా పాడుతున్నారా అనిపిస్తుంది. ఒకరు కట్టినది, ఇంకొకరు ఊదినది, మూడో మనిషి చేతిలో పూర్తయింది. ఆ అయిదుగురి గొప్పతనం ఎక్కడుందంటే నేను ఈ చోటే చూపిస్తాను. ఈ పాటలో మాటలు మాత్రం అంతంతే, ఆ సంగతి బ్యాంక్సే ఒప్పుకుంటాడు.

గొంతు మాటేమిటి, గొంతు మారితే పాట మారినట్టే కదా అని అడుగుతారు. కాలిన్స్ 1976లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1971లో ‘నర్సరీ క్రైమ్’లోనే ‘ఫర్ ఆబ్సెంట్ ఫ్రెండ్స్’ అతను పాడాడు. సెల్లింగ్ ఇంగ్లండ్‌లో ‘మోర్ ఫూల్ మీ’ అతనిదే (ఆ ఆల్బమ్‌లో నేను దాటేసే పాట కూడా అదే). మిగతా పాటల్లో గేబ్రియల్ గొంతు పక్కన వినపడే రెండో గొంతు ఎక్కువగా కాలిన్స్‌దే. గేబ్రియల్ వెళ్ళాక పత్రికలో ప్రకటన ఇచ్చి, వారాల తరబడి గాయకుల్ని పరీక్షించి, ఎవరూ కుదరక, ‘స్క్వాంక్’ పాట నేను ఓసారి ప్రయత్నిస్తానని డ్రమ్మర్ ముందుకొచ్చాడు. 1977లో వచ్చిన ‘సెకండ్స్ అవుట్’ అనే కచేరీ రికార్డులో సప్పర్స్ రెడీ మొత్తం కాలిన్స్ పాడాడు. అందులో గేబ్రియల్‌కున్న పిచ్చి, వెటకారం లేవు. విల్లో ఫార్మ్ భాగంలో ఆ లోటు బాగా తెలుస్తుంది. చివరి భాగంలో మాత్రం కాలిన్స్ గొంతులో ఒక ఆర్తి ఉంది. ఆ భాగం కోసం నేను ఈ రికార్డునే తీస్తాను. ఇక్కడ చాలామంది చదవడం ఆపేస్తారని తెలుసు.

ట్రిక్ ఆఫ్ ద టెయిల్ 1976 ఫిబ్రవరిలో వచ్చి బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్ళింది. సెల్లింగ్ ఇంగ్లండ్‌కి దక్కిన స్థానమే అది. ల్యాంబ్ పదో స్థానం దగ్గర ఆగింది. అమ్మకాలు గొప్పతనానికి కొలత కాదు, ఒప్పుకుంటాను. గాయకుడు వెళ్ళిపోయిన ఆరు నెలలకి జనం పారిపోలేదని చెప్పడానికి మాత్రం పనికొస్తాయి. చివరి పాట ‘లాస్ ఎండోస్’లో ఆల్బమ్ మొదట్లోని వరసలు వేగంగా తిరిగొచ్చి, డ్రమ్స్ తగ్గుతూ పోయేచోట, వెనక ఎక్కడో కాలిన్స్ సప్పర్స్ రెడీ ముగింపులోని మాటల్ని మెల్లగా పాడతాడు. వాల్యూమ్ పెంచి వింటేగానీ పట్టుబడదు. వెళ్ళిపోయిన మిత్రుడికి వాళ్ళు చెప్పుకున్న వీడ్కోలు అది. గీత గీసింది వాళ్ళు కాదు.

అదే ఏడాది డిసెంబర్‌లో ‘విండ్ అండ్ వదరింగ్’ వచ్చింది. ఇది నాకు ప్రాణం. బ్యాంక్స్ కూడా తనకిష్టమైనవాటిల్లో దీన్ని చెబుతాడు. చలికాలం రికార్డు ఇది, అట్ట మీది బూడిదరంగు చెట్టు దగ్గర్నుంచీ. ‘వన్ ఫర్ ద వైన్’ పూర్తిగా బ్యాంక్స్‌ది, పది నిమిషాల కథ. ‘బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్’ హాకెట్ నైలాన్ తీగల గిటార్‌తో మొదలవుతుంది. టీవీ ముందు కూర్చున్న ఒక ఇంగ్లిష్ ఇంట్లో సాయంత్రం అంతా అందులో ఉంది. ఈ పాటకి పల్లవి సంగీతం ఇచ్చింది కాలిన్స్. అవును, రేడియో పాటల కాలిన్సే.

ఈ ఆల్బమ్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. ‘వాట్ గొరిల్లా’ అనే వాద్య ముక్క ఇందులో ఎందుకుందో నాకు అర్థం కాదు. హాకెట్ తెచ్చిన ‘ప్లీజ్ డోంట్ టచ్’ని పక్కన పెట్టారు. నలుగురూ కలిసి కట్టిన ‘ఇన్‌సైడ్ అండ్ అవుట్’ అనే చక్కటి పాటని మరుసటి ఏడాది మూడు పాటల చిన్న రికార్డులో వేసేశారు. ఆల్బమ్‌లో తన పాటలకి ఇంత చోటు కావాలని హాకెట్ అడుగుతుండేవాడు. అది కుదరలేదు. 1977లో సెకండ్స్ అవుట్ మిక్సింగ్ జరుగుతుండగానే అతను వెళ్ళిపోయాడు. ఏదో ఒకచోట గీత గీయాల్సిందే అంటే, ధ్వని వరకు 1977 దగ్గర గీస్తే నేను పెద్దగా అడ్డుపడను. గేబ్రియల్ వెళ్తే వేషాలు, మాటల్లోని చమత్కారం పోయాయి. హాకెట్ వెళ్తే పాటల్లోంచి నీడలు పోయాయి. 1978 నాటి ‘అండ్ దెన్ దేర్ వర్ త్రీ’ వినండి, అన్ని పాటలమీదా ఒకే మందాన కీబోర్డ్ పొర. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర లేదు.

ఇప్పుడు ల్యాంబ్.

1974 వేసవిలో అయిదుగురూ హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో దిగారు. ఎలుకలు తిరిగే కొంప. కథ, మాటలు అన్నీ నేనే రాస్తానని గేబ్రియల్ పట్టుబట్టాడు. రాయెల్ అనే ప్యూర్టోరికన్ కుర్రాడు న్యూయార్క్ వీధుల్లోంచి ఒక పాతాళ లోకంలోకి పడిపోయే కథ. ఒక గదిలో నలుగురు వాయిస్తుంటే మరో గదిలో గేబ్రియల్ రాసుకునేవాడు. మధ్యలో సినిమా దర్శకుడు విలియం ఫ్రీడ్కిన్ నుంచి పిలుపొస్తే కొన్నాళ్ళు పని వదిలి వెళ్ళిపోయాడు. అదే సమయంలో అతని మొదటి బిడ్డ పుట్టి ప్రాణాపాయంలో ఉంది. తోటివాళ్ళు ఆ బాధని సరిగ్గా పట్టించుకోలేదు, ఆ మాట వాళ్ళే తర్వాత ఒప్పుకున్నారు. ఇలాంటి టెన్షన్‌లో రెండు రికార్డుల ఆల్బమ్, 94 నిమిషాలు, బయటికి రావడమే ఒక అద్భుతం.

రావడం అద్భుతమే, వినడం మాత్రం వేరే లెక్క. మొదటి రికార్డు మీద నాకు ఏ పేచీ లేదు. ‘ఇన్ ద కేజ్’లో గుండె కొట్టుకున్నట్టు మొదలై ఊపిరాడనివ్వని పరుగు, ‘బ్యాక్ ఇన్ ఎన్‌వైసీ’లో సింథసైజర్ బూతులు తిడుతున్నట్టుండే మొరటుతనం, ‘కార్పెట్ క్రాలర్స్’లో ఒక్కో చరణానికి కొంచెం కొంచెంగా పైకి లేచే గొంతు. ఇంగ్లండ్ పచ్చిక మైదానాల్లో కథలు చెప్పుకునేవాళ్ళు ఇంత ఇనుమూ సిమెంటూ ఎక్కడ దాచారా అనిపిస్తుంది. రెండో రికార్డుకి వచ్చేసరికి ‘ఎనీవే’, ‘ద లేమియా’ దాటాక కథ నడవదు, ఈడుస్తుంది. నాలుగో వైపు చాలాచోట్ల సంగీతం ఒక దారిన పోతుంటే మాటలు గడువులోగా పూర్తి చేయాలన్నట్టు వెంట పరిగెడుతుంటాయి. గడువు నిజంగానే ముంచుకొచ్చింది. ఒక పాటకి మాటలు రాసే తీరిక లేక గేబ్రియల్ ఆ పని బ్యాంక్స్‌కీ రూథర్‌ఫోర్డ్‌కీ అప్పగించాడు.

ఈ రోగం లక్షణాలు ముందు నుంచే ఉన్నాయి. సెల్లింగ్ ఇంగ్లండ్‌లో ‘ద బ్యాటిల్ ఆఫ్ ఎపింగ్ ఫారెస్ట్’ దాదాపు పన్నెండు నిమిషాలు. వాద్యాలన్నీ రికార్డయ్యాక గేబ్రియల్ మాటలు తెచ్చాడు, బస్సు సరిపోనంత జనంలాగా. సప్పర్స్ రెడీలో ముగ్గురు కట్టినదాని మీద అతను పాడితే బంగారమైంది. ఎపింగ్ ఫారెస్ట్‌లో అదే పద్ధతి ఉక్కిరిబిక్కిరి చేసింది. ల్యాంబ్ మొత్తం ఆ పద్ధతిలో చేసినదే, అందుకే రెండూ దొరుకుతాయి.

“నువ్వు దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి కూర్చుని ఎన్నిసార్లు విన్నావ్రా?” అని స్నేహితుణ్ని అడిగాను. “అది వేదిక మీద చూడాల్సింది” అన్నాడు. వాడూ చూడలేదు. ఎవరూ ఇప్పుడు చూడలేరు కూడా, పూర్తి ప్రదర్శన సినిమాగా లేదు. 1974 నవంబర్ నుంచి 1975 మే దాకా ఆల్బమ్ మొత్తాన్ని వరసగా వాయించారు, వెనక మూడు తెరల మీద స్లైడ్లు. ‘స్లిపర్‌మాన్’ వేషం ఒళ్ళంతా బుడిపెలతో ఎంత పెద్దదంటే మైకు నోటి దగ్గరికి అందేది కాదు. సరిగ్గా ఆ చోట మాట వినపడేది కాదు. ల్యాంబ్ గొప్పదనే వాళ్ళలో సగం మంది ఈ ప్రదర్శన ఫొటోలని ఇష్టపడుతున్నారు. వాళ్ళ ఇష్టాన్ని తప్పుబట్టను, ఆ ఫొటోలు నాకూ ఇష్టమే. చెవికి వచ్చేది వేరు.

డ్యూక్ దగ్గరికి వస్తే పరిస్థితి తలకిందులు. 1979లో కాలిన్స్ కాపురం కూలిపోతోంది, దాన్ని నిలబెట్టుకుందామని కెనడా వెళ్ళి కుదరక తిరిగొచ్చాడు. బ్యాంక్స్, రూథర్‌ఫోర్డ్ తలొక సోలో ఆల్బమ్ చేసుకుని, దాచుకున్న పాటలన్నీ వాటికి ఖర్చు పెట్టేశారు. ముగ్గురూ కాలిన్స్ ఇంట్లో చేరారు. చేతిలో పెద్దగా ఏమీ లేకపోవడంతో చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ ఒకే గదిలో కూర్చుని వాయించుకుంటూ పాటలు కట్టారు. అపోకలిప్స్ పుట్టిన తీరు ఇదే కదా. అలా వచ్చినవి, తలొకరు తెచ్చిన రెండేసి సొంత పాటలు కలిపి స్టాక్‌హోమ్‌లోని పోలార్ స్టూడియోలో రికార్డ్ చేశారు.

వీటిల్లో ఆరు ముక్కలు నిజానికి ఒకే కథ, దాదాపు ముప్పై నిమిషాలు. వరసగా పెడితే ‘ఇంకో సప్పర్స్ రెడీ’ అంటారన్న భయంతో వాటిని విడగొట్టి ఆల్బమ్ అంతా చల్లారు. మొదట మూడు, మధ్యలో ఒకటి, చివర రెండు. 1980 కచేరీల్లో మాత్రం ఆల్బర్ట్ అనే మనిషి కథగా చెప్పి ఒకే దండగా వాయించారు. మీరూ అలా పేర్చుకుని ఒకసారి వినండి. ‘బిహైండ్ ద లైన్స్’ బాకాలూదినట్టు తెరుచుకుంటుంది. అది సద్దుమణిగేచోట ‘డచెస్’ మొదలవుతుంది. ఒక చిన్న రిథమ్ పెట్టె ఒంటరిగా టిక్కు టిక్కుమంటూ చాలాసేపు నడుస్తుంది. జెనెసిస్ రికార్డులో డ్రమ్ మెషిన్ వినపడటం అదే మొదలు. దాని మీద పియానో చినుకులు. ఎప్పటికో కాలిన్స్ అసలు డ్రమ్స్ పడతాయి, గది ఒక్కసారిగా పెద్దదైపోతుంది. జనం నెత్తిన పెట్టుకుని తర్వాత వదిలేసిన ఒక గాయని కథ అది. అయిదారు మాటల్లో మనిషి జీవితం తిరగబడుతుంది. ల్యాంబ్ కథ వివరంగా అట్ట లోపల అచ్చువేసి ఇచ్చినా నాకు రాయెల్ మీద ఇంత జాలి కలగలేదు.

‘టర్న్ ఇట్ ఆన్ అగైన్’ రేడియోలో హిట్టయింది. గీత గీసేవాళ్ళు చూపించే మొదటి సాక్ష్యం అదే. తాళం వేసి చూడండి. పదమూడు దెబ్బలకి ఒకసారి తిరుగుతుంది. రూథర్‌ఫోర్డ్ వాయించుకుంటున్న ముక్కని లెక్కపెట్టి అది పదమూడని చెప్పింది కాలిన్స్. కచేరీల్లో చప్పట్లు కొడుతూ ఎగిరే జనం కాసేపటికి తప్పుదారి పట్టి, పక్కవాళ్ళని చూసి సర్దుకోవడం వేదిక మీదికి కనపడేదట. పదమూడు దెబ్బల పాటని బ్రిటన్‌లో పదిమందిలో పాడుకునేలా చేయగలిగినవాళ్ళు సరుకు పలచన చేసుకున్నారనడం ఎలా కుదురుతుంది? చివర ‘డ్యూక్స్ ట్రావెల్స్’లో కాలిన్స్ డ్రమ్స్ ఉరకలేస్తూ పోయి, పైన బ్యాంక్స్ వరసలు, అంతలో ఆల్బమ్ మొదట్లో చిన్నగా వచ్చిన ‘గైడ్ వోకల్’ మాటలు ఈసారి గొంతెత్తి వస్తాయి. వెంటనే మొదటి బాకాల వరస. ముగింపు.

డ్యూక్‌లో చెత్త లేదా? ఉంది. ‘అలోన్ టునైట్’ ఎవరైనా చేయగల పాట. ‘మిసండర్‌స్టాండింగ్’ వింటున్నంతసేపూ బాగుంటుంది, తర్వాత గుర్తుండదు. కానీ 55 నిమిషాల్లో ముప్పై నిమిషాలు ఈ బృందం చేసిన అత్యుత్తమ పనిలోకి వస్తాయి. ల్యాంబ్‌లో అంతే నిడివి బంగారం తీయగలను, కాకపోతే దానికి 94 నిమిషాలు తవ్వాలి. ఇంకా మాట్లాడితే, ల్యాంబ్ ఒక మనిషి మిగతా నలుగురి నుంచి దూరం జరుగుతూ చేసినది. డ్యూక్ చెల్లాచెదురైన ముగ్గురు ఒకరి దగ్గరికి ఒకరు వచ్చి చేసినది. ఆ దగ్గరతనం వాయించడంలో వినపడుతుంది.

మరి అసలు గీత ఎక్కడ? 1981లో, ‘అబాకాబ్’ ఆల్బమ్ దగ్గర. గాయకుడు మారలేదు, ఎవరూ వెళ్ళిపోలేదు. సర్రేలో ద ఫార్మ్ అనే సొంత స్టూడియో వచ్చింది. ఇంటి దగ్గర కూర్చుని పది నిమిషాల పాట రాసి తెచ్చే అలవాటు అక్కణ్నుంచి తగ్గిపోయింది. గదిలో ఊరికే వాయిస్తూ నచ్చినది పట్టుకోవడమే పద్ధతయింది. 1983 ఆల్బమ్ నుంచి అన్ని పాటలకీ ముగ్గురి పేర్లే. బ్యాంక్స్ ఒంటరిగా రాత్రుళ్ళు కూర్చుని మలిచే వంకరలు, మలుపులు ఈ పద్ధతిలో పుట్టవు. పాత జెనెసిస్ పోయిందంటే అక్కడ పోయింది, వేదిక మీద కాదు, పని చేసే గదిలో.

ఎనభైల డ్రమ్ముల చప్పుడు కాలిన్స్ తెచ్చిన దరిద్రమని తిట్టేవాళ్ళకి ఒక చిన్న ఆనందం మిగులుస్తాను. ఢామ్మని పడి ఠక్కున తెగిపోయే ఆ చప్పుడు లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో, ఇంజనీర్ హ్యూ ప్యాడ్‌హామ్ చేతుల మీద పేరుకెక్కింది. ఏ ఆల్బమ్ కోసం? పీటర్ గేబ్రియల్ మూడో సోలో ఆల్బమ్, 1980. వాయించింది కాలిన్స్. సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు వాయించే లోహపు పళ్ళాలు) వద్దన్నది గేబ్రియల్. 1986 జులైలో అమెరికాలో ఇన్విజిబుల్ టచ్ పాటని మొదటి స్థానం నుంచి దించేసిన పాట కూడా గేబ్రియల్‌దే. రేడియోకి అమ్ముడుపోవడంలో ఆయనేం వెనకబడలేదు, పైగా చక్కగా అమ్ముడుపోయాడు.

అబాకాబ్ తర్వాతివాటిల్లో నేను ఏరుకునేవి కొన్నే. ‘హోమ్ బై ద సీ’, ‘డామినో’, 1991 నాటి ‘వి కాంట్ డాన్స్’ చివర వచ్చే ‘ఫేడింగ్ లైట్స్’. 1997లో రే విల్సన్ పాడిన చివరి ఆల్బమ్‌ని అందరూ అతని నెత్తిన రుద్దుతారు. గొంతు బాగానే ఉంది, పాటలే లేవు. 2007, 2008ల్లో పాత ఆల్బమ్‌లు దాదాపు అన్నీ కొత్తగా మిక్స్ చేసి వదిలారు. వాటితో నర్సరీ క్రైమ్‌లో మునిగిపోయిన వాద్యాలు కొన్ని తేటపడ్డాయిగానీ, ట్రిక్ ఆఫ్ ద టెయిల్ నా చెవికి గట్టిగా, కరుకుగా తయారైంది. కాబట్టి ఎవరైనా మీతో ఆల్బమ్‌ల స్థానాల గురించి వాదిస్తుంటే, ముందు ఏ మిక్స్ విన్నారో అడగండి. సగం గొడవలు అక్కడే సర్దుకుంటాయి.

నా వరస ఇది: సెల్లింగ్ ఇంగ్లండ్, విండ్ అండ్ వదరింగ్, ఫాక్స్‌ట్రాట్, ట్రిక్ ఆఫ్ ద టెయిల్, డ్యూక్, ఆ తర్వాత ల్యాంబ్. ఫాక్స్‌ట్రాట్ మూడోదా అని కొట్టడానికి వచ్చేవాళ్ళు ఉంటారు. సప్పర్స్ రెడీ ఒక్కటే ఆల్బమ్ అయితే మొదటి స్థానం దానికే ఇచ్చేవాణ్ని. కానీ రికార్డుకి ఇంకో వైపు కూడా ఉంటుంది, ఆ వైపు ‘టైమ్ టేబుల్’ ఉంది.